కడగాల్సిన ఫిల్మ్, కడిగేసిన ఫిల్మ్

(చెన్నై టి.నగర్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. వక్త కోడంబాక్కం సినిమా ల్యాబులో కలర్ గ్రేడర్‌గా పనిచేసి రిటైరయ్యారు.)

అధ్యక్షులవారికి, పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి బాబూ, వచ్చి కూర్చోండి. ఎవరూ లేపరు.

ఆహ్వాన పత్రంలో ‘డిజిటల్ యుగంలో ఫిల్మ్ భవిష్యత్తు’ అని వేశారు. ఫిల్మ్ బతుకుతుందా సార్ అని నన్ను చాలామంది అడుగుతుంటారు. బతుకుతుంది. ఎక్కడో ఒకచోట తయారవుతుంది, కొనేవాళ్లు కొంటారు. ఆ బెంగ నాకు లేదు. నా బెంగంతా ఇప్పటికే తీసేసి, కడిగేసి (మందుల్లో ముంచి బొమ్మ తేల్చడాన్ని మేం కడగడం అంటాం), డబ్బాల్లోనూ కవర్లలోనూ పెట్టి మనం మరిచిపోయిన ఫిల్మ్ గురించి. కొత్త రోళ్ల సంగతి ముందు చెప్పేసి ఆ డబ్బాల దగ్గరికి వస్తాను.

కొడాక్ కంపెనీ 2006లో 1,240 కోట్ల అడుగుల సినిమా ఫిల్మ్ అమ్మింది. 2014కు వచ్చేసరికి అది దాదాపు 45 కోట్ల అడుగులు. ఎనిమిదేళ్లలో నూటికి 96 వంతులు పోయింది. ఇదంతా డిజిటల్ కెమెరాలు వచ్చినందువల్లే అనుకుంటారు. కెమెరాలో తిరిగే నెగెటివ్ అందులో చిన్న భాగమండీ. అసలు ఫిల్మ్ ఖర్చయ్యేది థియేటర్ ప్రింట్లకు. 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, నాలుగు కిలోమీటర్ల పైమాటే. వంద ప్రింట్లు వేసి, మన సెంట్రల్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి పట్టాల వెంట పరిచారనుకోండి, తెనాలి దాటిపోతుంది. పెద్ద హీరో సినిమాకు వంద ప్రింట్లు ఒక లెక్క కాదు.

ఆ ప్రింట్లు ఆగిపోవడంలో మన ఊరి చెయ్యి కూడా ఉంది. థియేటర్‌వాళ్లు ‘క్యూబ్’ అంటారు చూడండి, ఆ డిజిటల్ ప్రొజెక్షన్ ఈ చెన్నైలోని రియల్ ఇమేజ్ సంస్థలో పుట్టిందే. దాని మీద నాకు కోపం లేదు. మా ల్యాబు నుంచి వెళ్లిన ప్రింటు ఎంత బాగున్నా ఎ సెంటర్ తిరిగి, బి సెంటర్ తిరిగి, చివరికి పల్లెటూరి టూరింగ్ టాకీసు చేరేసరికి బొమ్మ మీద వాన కురుస్తుండేది. పాటలో ఒక చరణం ఉండేది కాదు. మధ్యాహ్నం ఆటకు ప్రింటు బాక్సు రాలేదని జనం కుర్చీలు విరగ్గొట్టిన ఊళ్లున్నాయి. ఇవాళ మారుమూల ఊళ్లో కూడా హైదరాబాద్‌లో కనిపించిన బొమ్మే కనిపిస్తోంది. ‘ఆ రోజులే వేరు’ అనడం నాకు చేతకాదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఆ ప్రింట్లు చూసి తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ప్రింట్లు పోయాక ల్యాబులు ఎందుకు మూతపడ్డాయో తెలియాలంటే కడిగే మెషీన్ సంగతి తెలియాలి. డెవలపర్ బాత్, అంటే బొమ్మ తేల్చే మందు తొట్టి, రోజూ ఫిల్మ్ నడుస్తుంటేనే నిలకడగా ఉంటుంది. నడిచిన అడుగులను బట్టి కొత్త కెమికల్ కలుస్తూ ఉండాలి. నాలుగు రోజులు ఖాళీగా ఉంచితే గాలి తగిలి మందు దెబ్బతింటుంది, రంగులు అటూ ఇటూ పోతాయి. ప్రింట్ల పని ఉన్నంతకాలం మెషీన్లు రాత్రింబవళ్లు నడిచేవి, ఆ ఊపులో ఎవరో చిన్న నిర్మాత నాలుగు డబ్బాల నెగెటివ్ తెచ్చినా కడిగి ఇచ్చేవాళ్లం. ప్రింట్లు ఆగాక ఆ నాలుగు డబ్బాల కోసం బాత్ వెయ్యడం ఏ యజమానికీ కుదరదు. 2011లో యారీ, పానావిజన్, ఆటాన్ మూడూ కొత్త ఫిల్మ్ కెమెరాల తయారీ ఆపేశాయి. 2013లో ఫుజీ సినిమా ఫిల్మ్ నుంచి తప్పుకుంది. ఆ నాలుగైదేళ్లలోనే వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల ల్యాబులన్నీ ఒక్కొక్కటే చల్లబడ్డాయి. అంతకుముందు ఆ వీధుల్లో నడుస్తుంటే ఫిల్మ్ కడిగే హైపో మందు వాసన వచ్చేది. ఇప్పుడు బిర్యానీ వాసన వస్తోంది, అదీ మంచిదే.

ఫ్యాక్టరీ కష్టమూ ఇలాంటిదే. కలర్ నెగెటివ్ చూడ్డానికి ఒక పల్చని రిబ్బను, కానీ దాని మీద పన్నెండుకు మించిన పొరలుంటాయి. వెండి ఉప్పు కలిపిన జెలటిన్ పొరలు. ఒకటి నీలానికి, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, మధ్యలో వడపోత పొరలు. అన్నీ కలిపినా వెంట్రుక మందం ఉండవు. మనిషి ఎత్తుకు కాస్త తక్కువ వెడల్పున్న ప్లాస్టిక్ పట్టీని కిలోమీటర్ల పొడవున చిమ్మచీకట్లో పరిగెత్తిస్తూ ఈ పొరలు పొయ్యాలి. అలాంటి యంత్రాన్ని కొంచెం నడిపి ఆపడం కుదరదు. పెళ్లి వంటకు తవ్విన గాడిపొయ్యి మీద ఇద్దరికి ఉప్మా చేసినట్టుంటుంది. కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణకు వెళ్లినప్పుడు అసలు సమస్య ఇదే. జనం ఫిల్మ్ కొనడం పూర్తిగా మానలేదు, కాకపోతే ఆ యంత్రాలకు సరిపడా కొనడం మానేశారు. డిజిటల్ కెమెరాను 1975లో తయారుచేసింది కూడా ఆ కంపెనీ ఇంజినీరే, స్టీవెన్ సాసన్. ఈ కథ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో చాలాసార్లు చెప్పేశారు, నేను వదిలేస్తున్నాను.

మరి కొడాక్ ఫిల్మ్ ఎలా నిలబడింది? హాలీవుడ్‌లో కొందరు డైరెక్టర్లు పట్టుబట్టి, ఏటా ఇంత ఫిల్మ్ కొంటామని స్టూడియోల చేత కొడాక్‌కు ఒప్పందాలు రాయించారు. 2023లో వచ్చిన ‘ఓపెన్‌హైమర్’ కోసం కొడాక్ అంతకుముందు లేని 65 ఎం.ఎం. బ్లాక్ అండ్ వైట్ ఐమాక్స్ నెగెటివ్‌ను కొత్తగా చేసి ఇచ్చింది. ఇక ఎవరూ ఊహించని దిక్కు నుంచి కుర్రాళ్లు వచ్చారు. ఫోన్‌లో ఉచితంగా వెయ్యి ఫొటోలు తీయగలిగినవాళ్లు, వెయ్యి రూపాయలు దాటిన రోలు కొని 36 ఫొటోలు తీస్తున్నారు. కొడాక్ 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ ఫిల్మ్ 2018లో తిరిగొచ్చింది. ఇల్ఫర్డ్ ఫిల్మ్ చేసే ఇంగ్లండ్‌లోని హార్మన్ కంపెనీ 2023 చివర్లో తన మొదటి కలర్ రోలు ఫీనిక్స్ తెచ్చింది. 2024లో పెంటాక్స్ కొత్త ఫిల్మ్ కెమెరా వదిలింది, పెంటాక్స్ 17 అని. వ్యాపారం చిన్నదే, కానీ చిన్నదిగా బతకడం నేర్చుకుంటోంది. అందుకే నాకు బెంగ లేదన్నాను.

బెంగ లేదు గానీ ఒక దుఃఖం మాత్రం ఉంది. ఊటీ వెళ్లినవాళ్లు ఇందు నగర్ పేరు వినే ఉంటారు. హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అక్కడే ఉండేది. 1960లో పెట్టారు, బౌషే అనే ఫ్రెంచి కంపెనీ సాంకేతిక సాయంతో 1967లో ఉత్పత్తి మొదలైంది. ఊటీయే ఎందుకంటే దుమ్ములేని గాలి, చల్లదనం. మన మద్రాసులో ఆ ఫ్యాక్టరీ పెట్టి ఉంటే జెలటిన్ చల్లబరచడానికే కరెంటు బిల్లు మోగిపోయేది. ‘ఇందు’ అని బ్రాండు. ఆ కాలంలో ఆంధ్రాలో ఏ చిన్న ఊరి స్టూడియోకెళ్లినా ఇందు పేపరు ఉండేది. ఆస్పత్రిలో మీ ఛాతీ ఎక్స్‌రే తీసిన ఫిల్మ్ కూడా ఊటీ నుంచి వచ్చి ఉండొచ్చు. నిజానికి ఆ ఫ్యాక్టరీకి ఎక్స్‌రేనే పెద్ద ఆసరా. ఫొటోలు తీసుకోవడం సరదా, ఎక్స్‌రే అవసరం.

అది దెబ్బతిన్నది రంగు దగ్గర. కలర్ ఫిల్మ్‌ను సొంతంగా పొరలు పోసి చేసే స్థాయికి మనం చేరలేదు. బయటి నుంచి పెద్ద పెద్ద చుట్టలు తెప్పించి, కోసి, చిల్లులు కొట్టి, మన డబ్బాల్లో పెట్టేవాళ్లు. ఆ తర్వాత పాలియెస్టర్ ఎక్స్‌రే ఫిల్మ్ కోసం కొత్త ప్లాంటు కట్టి అప్పుల్లో పడ్డారు. సరిగ్గా అప్పుడే దిగుమతుల గేట్లు తెరుచుకున్నాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి పని లేని ఫ్యాక్టరీ, జీతాల కోసం ధర్నాలు, చివరికి మూత. ప్రపంచంలో అన్ని దేశాలకంటే ఎక్కువ సినిమాలు తీసిన దేశం తన కలర్ నెగెటివ్ తాను చేసుకోలేకపోయింది. లైసెన్సుల రోజుల్లో రా స్టాక్, అంటే వాడని కొత్త ఫిల్మ్, దాని కోటా కోసం నిర్మాతలు పడ్డ పాట్లు ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మన పాతకాలపు డైరెక్టర్లు ఒకే టేకులో ఓకే చేశారని పొగుడుతుంటాం. ప్రతిభ ఉంది, కాదనను. పక్కన కూర్చుని అడుగులు లెక్కపెట్టే ప్రొడక్షన్ మేనేజర్ కూడా ఉన్నాడు.

ఇప్పుడు కడగడం గురించి. రోలు కొనడం ఆన్‌లైన్‌లో అయిపోతుంది. దాన్ని కడిగే చెయ్యి దొరకడమే కష్టం. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లో బాత్‌రూమ్‌లో కడుక్కోవచ్చు, 20 డిగ్రీల డెవలపర్ చాలు. కానీ మే నెలలో మన కుళాయి నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో తెలుసుగా. పాత స్టూడియోల్లో ఐసు గడ్డ తెప్పించి ట్రే చుట్టూ పేర్చేవాళ్లు. నీళ్లు వేడెక్కితే జెలటిన్ మెత్తబడి, వేలు తగిలితే బొమ్మ జారిపోయేది. కలర్‌కు అలా కాదు, సి-41 పద్ధతిలో 37.8 డిగ్రీలు, మూడుంబావు నిమిషాలు. అర డిగ్రీ తేడా వచ్చినా చర్మం రంగు మారిపోతుంది. చెన్నైలో ఈ పని శ్రద్ధగా చేసేచోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు వాడే స్కానర్లు, నోరిత్సు గానీ ఫుజీ ఫ్రాంటియర్ గానీ, కొత్తవి రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఒకదాని విడిభాగాలు పీకి ఇంకోదానికి పెడుతున్నారు. ఫిల్మ్ రేటు పెరిగిందని కుర్రాళ్లు గొడవ పెడుతుంటారు గానీ, నన్నడిగితే అసలు గండం ఆ స్కానర్ బోర్డు కాలిపోయిన రోజు వస్తుంది.

మా పని, కలర్ గ్రేడింగ్, ఇంకో రకం. నెగెటివ్‌ను రంగులు చూపించే అనలైజర్ యంత్రంలో పెట్టి, ప్రింటు వేసేటప్పుడు ఏ రంగు వెలుతురు ఎంత పడాలో ప్రతి షాటుకీ మూడు అంకెలు రాయాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒకటి నుంచి యాభై దాకా పాయింట్లు. నడి మధ్య ఇరవై ఐదు. ఊటీలో పొద్దున తీసిన షాటు, అదే సీనులో మధ్యాహ్నం తీసిన షాటు, మబ్బు పట్టాక తీసిన క్లోజప్, ఈ మూడూ ఒకే పూట జరిగినట్టు కనిపించాలి. హీరోయిన్ మొహం పచ్చబడిందని రాత్రి పదకొండింటికి కెమెరామన్ అరుస్తాడు. రెండు పాయింట్లు మార్చి మళ్లీ ప్రింట్ వేస్తే తెల్లారి నవ్వుతాడు. ఇప్పుడు కంప్యూటర్‌లో మొహం ఒక్కదాన్నే విడిగా మార్చుకోవచ్చు, మాకు మొహం మారిస్తే వెనకున్న కొండ కూడా మారేది. ఈ విద్య ఎవరికైనా నేర్పుదామంటే నేర్పడానికి ప్రింటర్ లేదు. ఇది పోయింది. పోయినదాన్ని పోయిందనే అనాలి.

ఈ మధ్య ఒక చిన్న ల్యాబుకు వెళ్లాను, కుర్రాళ్లు నడుపుతున్నది. కౌంటర్ వెనక అట్టపెట్టెల్లో నెగెటివ్‌లు కుప్ప. ఏమిటివి అంటే, కస్టమర్లు తీసుకెళ్లలేదు అంకుల్ అన్నాడు. స్కాన్లు మెయిల్లో పంపితే చాలట, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటారట, నెగెటివ్ కోసం ఎవరూ రారట. వెయ్యి రూపాయల రోలు కొని, కడిగించడానికి ఇంకో అయిదారువందలు పోసి, చివరికి ఫిల్మ్‌ను అక్కడే వదిలేసి ఫోన్‌లో జేపెగ్ తీసుకెళుతున్నారు. మరి ఆ మాత్రానికి ఫోన్‌లో ఫిల్టర్ ఒకటి కొట్టుకుంటే సరిపోదా? వెనక కూర్చున్న కుర్రాళ్లు నవ్వుతున్నారు, అందులో ఎవరిదో కవరు ఆ పెట్టెలో ఉండే ఉంటుంది.

అయితే నెగెటివ్ వదిలేయడం వీళ్లతో మొదలైన జబ్బు కాదు. అసలు నేరం మన సినిమావాళ్లది.

ఈ నగరంలో తెలుగువాడు మొదట ఫొటోగ్రాఫర్‌గానే సినిమాలోకి వచ్చాడు. మచిలీపట్నం నుంచి వచ్చిన రఘుపతి వెంకయ్య నాయుడుగారికి ఇక్కడ ఫొటో స్టూడియో ఉండేది. దాన్ని తాకట్టు పెట్టి 1910లో బొమ్మతో పాటు శబ్దం వినిపించే క్రోనో మెగాఫోన్ యంత్రం తెప్పించారని చెబుతారు. 1914లో గెయిటీ థియేటర్ కట్టారు. తర్వాత కొడుకు ప్రకాశ్‌తో కలిసి ‘భీష్మప్రతిజ్ఞ’ తీశారు. దాని ప్రింటు లేదు. తొలి తెలుగు టాకీ 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’. దాని ప్రింటూ లేదు. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘కాళిదాస్’లో కొందరు తమిళం, కొందరు తెలుగు మాట్లాడారు. అదీ లేదు, పాటల పుస్తకం, కొన్ని స్టిల్స్ తప్ప. దేశం మొత్తం మీద వెయ్యికి పైగా మూకీలు తీస్తే మిగిలినవి ముప్ఫై లోపు.

ఎలా పోయాయంటే, అప్పటి ఫిల్మ్ నైట్రేట్. అంటుకుంటే ఆర్పలేరు, నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. కొడాక్ దాన్ని 1951 దాకా చేసింది. 2003 జనవరిలో పుణేలో నైట్రేట్ వాల్టు తగలబడి ఎన్నో పాత సినిమాలు బూడిదయ్యాయి. మండనివి కరిగిపోయాయి, అంటే కరిగించారు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మంటే వెండే. ఆడటం అయిపోయిన ప్రింటును కిలోల లెక్కన అమ్మితే వెండి తీసుకుని, మిగిలిన ప్లాస్టిక్ గాజులు చేసేవాళ్లకు పోయేది. మనమూ తక్కువ తినలేదు. చిన్నప్పుడు థియేటర్ వెనక ఏరుకొచ్చిన ఫిల్మ్ ముక్కలు, మాడిపోయిన బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండ కొట్టించి, గోడ మీద రామారావుగారిని చూసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చూశారా, సగం చేతులు లేచాయి.

నైట్రేట్ తర్వాత అసిటేట్ వచ్చింది, ‘సేఫ్టీ ఫిల్మ్’ అన్నారు. మండదు, నిజమే. కానీ వేడికీ తేమకీ అది లోపల్నుంచి చెడిపోతూ వెనిగర్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మ్‌ను ఇంకా వేగంగా చెడగొడుతుంది. డబ్బా మూత తియ్యగానే ముక్కులు పగిలే పులుపు వాసన కొడుతుంది, ఫిల్మ్ కుంచించుకుపోయి అలలు అలలుగా లేస్తుంది. 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త అసిటేట్ ఫిల్మ్‌కు దాదాపు 40 ఏళ్లకు ఈ జబ్బు మొదలవుతుందని నిపుణుల అంచనా. మన చెన్నైలో డిసెంబర్ రాత్రి కూడా 21 డిగ్రీలు ఒక వరం. వడపళని గోదాముల్లో రేకుల కప్పు కింద పెట్టిన డబ్బాల సంగతి మీరే ఊహించుకోండి. అదే ఫిల్మ్‌ను మంచు చల్లదనంలో పొడిగా పెడితే వందల ఏళ్లు ఉంటుంది. కలర్ ప్రింట్లకు ఇంకో రోగం. 1980ల మొదటి ఏళ్ల దాకా వాడిన ప్రింట్ ఫిల్మ్‌లో నీలిపచ్చ డై ముందుగా వెలిసిపోతుంది, బొమ్మంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. 70లలో వచ్చిన సినిమాల పాత ప్రింట్లు టీవీలో వేసినప్పుడు అందరూ ఎర్రగా కనిపించేది అందుకే.

ఇందులో కెమిస్ట్రీ ఎంతుందో కాగితాల గొడవా అంతే ఉంది. మన వ్యాపారంలో ‘నెగెటివ్ రైట్స్’ అంటారు. నిర్మాత అప్పుల్లో పడితే నెగెటివ్ రైట్స్ అమ్మేస్తాడు. కొన్నవాడికి కావాల్సింది టీవీలో వేసుకునే శాటిలైట్ హక్కు, దానికో బీటా వీడియో టేపు. నెగెటివ్ ల్యాబులోనే ఉంటుంది. ల్యాబు వాడు అద్దె అడుగుతాడు. అమ్మినవాడు నాది కాదంటాడు, కొన్నవాడు నాకెందుకంటాడు. ల్యాబులు మూసేటప్పుడు మీ డబ్బాలు పట్టుకెళ్లండని ఉత్తరాలు రాశాం. చాలావాటికి జవాబు రాలేదు. కొన్ని అడ్రసుల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి. ఒక పెద్ద నిర్మాత మనవడు వచ్చి డబ్బాలు చూసి ‘ఇవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అంకుల్’ అని వెళ్లిపోయాడు.

యూట్యూబ్‌లో ఉన్నది పాత టేపు నుంచి తీసిన మసక బొమ్మ. ఇప్పుడు 4కె (అంటే అడ్డంగా నాలుగు వేల చుక్కల స్పష్టత) రీ-రిలీజులంటూ అభిమానులు థియేటర్లలో కాగితాలు ఎగరేస్తున్నారు కదా, ఆ 4కె ఎక్కడ్నుంచి వస్తోంది? నెగెటివ్ నుంచి. 35 ఎం.ఎం. నెగెటివ్‌లో 4కె స్కాన్‌కు సరిపడా వివరం తీసిన రోజునే ఉంది. తీసినవాడు అది అనుకోను కూడా లేదు. అదే డిజిటల్ తొలిరోజుల్లో 2కెలో, అంటే అందులో సగం చుక్కలతో, తీసి ముగించిన సినిమాలు ఎప్పటికీ 2కెనే, ఆపైన కంప్యూటర్ ఊహించి పెంచాల్సిందే. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులు వేశారు. రంగుల మీద ఎవరి అభిప్రాయం వారిది, నాకు ఆ సినిమా కెమెరామన్ మార్కస్ బార్ట్లీ తీసిన నలుపు తెలుపు వెన్నెలే ఇష్టం. ఇష్టమున్నా లేకపోయినా అది చెయ్యగలిగారంటే ఆ ఫిల్మ్ ఎవరో దాచబట్టి.

డిజిటల్‌గా దాస్తే సరిపోదా అంటారు. దాచాలి, తప్పకుండా. కానీ ఖర్చు చూడండి. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ 2007లో ఒక లెక్క వేయించింది. ఒక సినిమా 4కె డిజిటల్ మాస్టర్ దాచడానికి ఏడాదికి 12,514 డాలర్లు, ఫిల్మ్ మాస్టర్ దాచడానికి 1,059 డాలర్లు. డిస్కుల ధర తర్వాత బాగా తగ్గింది, ఆ అంకెలు ఇవాళ అలాగే ఉండవు. కానీ అంత తేడా రావడానికి కారణం మారలేదు. ఫిల్మ్‌ను చల్లని గదిలో పెట్టి తలుపు వేసెయ్యొచ్చు. ఫైలును అలా వదిలెయ్యలేం. పెద్ద సంస్థలు ఫైళ్లు దాచడానికి వాడే ఎల్‌టీఓ అనే టేపు 2000లో మొదలై 2021కి తొమ్మిదో తరానికి చేరింది. ఎనిమిదో తరం డ్రైవ్ ఏడో తరం టేపును చదువుతుంది, ఆరోదాన్ని చదవదు. అంటే కొన్నేళ్లకోసారి మొత్తం కొత్త టేపులకు ఎక్కిస్తూనే ఉండాలి. ఒక్కసారి బడ్జెట్ రాకపోతే అంతే సంగతి. అందుకే హాలీవుడ్‌లో కొన్ని పెద్ద స్టూడియోలు డిజిటల్‌లో తీసిన సినిమాను కూడా మూడు రంగులుగా విడగొట్టి, పాలియెస్టర్ మీద బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌గా దాస్తున్నాయి. బొమ్మ వెండిలో ఉంటుంది, వెలిసిపోదు. వెలుతురు, ఒక భూతద్దం ఉంటే చాలు, ఏముందో తెలుస్తుంది. 1858లో లినియస్ ట్రైప్ అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ తంజావూరు గుడి శాసనాలను కాగితం నెగెటివ్‌ల మీద తీసి, 21 ప్రింట్లు కలిపి దాదాపు 19 అడుగుల పట్టీ చేశాడు. అవి ఈరోజుకీ విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటికి పాస్‌వర్డ్ లేదు.

మన దగ్గర అసలు ఏమీ జరగట్లేదని చెప్పను. పుణేలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచీ ఉంది. దాన్ని నిలబెట్టిన పి.కె.నాయర్‌గారు ఊరూరూ తిరిగి డబ్బాలు మోసుకొచ్చారు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలాయి. 2017లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు ఇక్కడే ప్రసాద్ ల్యాబులో ఫిల్మ్ బాగుచెయ్యడం మీద వర్క్‌షాప్ పెట్టారు. ఒకప్పుడు ప్రింట్లు వేసిన చోటే ఇప్పుడు ఇతర దేశాల పాత సినిమాలు స్కాన్ చేసి శుభ్రం చేస్తున్నారు. ఆ పనిలో మన పిల్లలు ప్రపంచంలో ఎవరికీ తీసిపోరు. కానీ తెలుగు సినిమాకు ప్రత్యేకంగా ఒక చల్లని వాల్టు, దానికో జాబితా లేదు. పరిశ్రమ హైదరాబాద్ వెళ్లిపోయినప్పుడు హీరోలు వెళ్లారు, ఆఫీసులు వెళ్లాయి, చాలా నెగెటివ్‌లు ఇక్కడే ఉండిపోయాయి. తమిళ ప్రభుత్వానికి అవి తెలుగు, తెలుగు ప్రభుత్వాలకు అవి మద్రాసు. ఈ హాల్లో నిర్మాతల కుటుంబాల వాళ్లున్నారని నాకు తెలుసు. తాతగారి సినిమా నెగెటివ్ ఎక్కడుందో ఒక ఫోన్ చేసి కనుక్కోండి. రైట్స్ ఎవరివో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు డబ్బా ఎక్కడుందో తెలియాలి.

మిగతావాళ్లకు ఇంట్లో ఉన్నవి చాలు. ఆగ్ఫా క్లిక్ త్రీతో తీసినవి, పెళ్లికి స్టూడియో ఆయన ఆల్బమ్‌తో పాటు ఇచ్చిన నెగెటివ్ కవర్లు. అటక మీద పెట్టొద్దు, ఇంట్లో అన్నిటికంటే వేడి అక్కడే. ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి మామూలు మంచి కాగితం కవర్లలో పెట్టండి. కలరా ఉండలు వెయ్యొద్దు. పులుపు వాసన వచ్చేవాటిని మిగతావాటి నుంచి విడదీసి ముందు వాటినే స్కాన్ చేయించండి. బూజు పట్టిందని తడిగుడ్డతో తుడవొద్దు, బూజుతో పాటు బొమ్మ కూడా వచ్చేస్తుంది. 2015 వరదల్లో ఎంతోమంది ఆల్బమ్‌లు నీట మునిగాయి, చాలామంది వాటిని ఎండలో పెట్టారు, అంటుకుపోయి అట్టలయ్యాయి. తడిసిన నెగెటివ్‌ను ఎండనివ్వకూడదు. శుభ్రమైన చల్లటి నీళ్లలోనే ఉంచి, ఒక్కొక్కటీ విడదీసి, నీడన క్లిప్పుకు తగిలించాలి. అంత టైము లేకపోతే కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పడేయండి, తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న ఎవరో చీటీ పంపారు. ‘స్కాన్ చేయించేంత స్తోమత లేదు, నాలుగు వందల నెగెటివ్‌లున్నాయి, ఏం చెయ్యమంటారు?’ అమ్మా, ఇప్పుడు స్కాన్ చెయ్యకపోయినా కొంప మునగదు. ట్యాబ్ స్క్రీన్ తెల్లగా పెట్టి, దాని మీద రెండంగుళాల ఎత్తులో నెగెటివ్ ఉంచి, ఫోన్‌తో ఫొటో తీసి రంగులు తిరగేస్తే ఎవరెవరున్నారో తెలిసిపోతుంది, అది గుర్తుపట్టడానికి చాలు. ఆ బొమ్మలు పెట్టుకుని మీ అత్తగారి పక్కన కూర్చోండి. ఎవరి పెళ్లి, ఏ ఊరు, ఆ చివర నిలబడ్డాయన ఎవరు అని అడిగి కవరు మీద పెన్సిల్‌తో రాయండి. ఆ పని మాత్రం వాయిదా వెయ్యొద్దు. స్కానర్లు మళ్లీ దొరుకుతాయి, ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు దొరకరు.

ఇంకో చీటీ, ‘నెగెటివ్‌లు కొన్ని వెంట తెచ్చాను, చూస్తారా’ అని. చూస్తానండీ. కాఫీలిచ్చే చోట కిటికీ పక్కన ఉంటాను. కవరు విప్పేముందు ఒకసారి నాకివ్వండి, వాసన చూసి చెప్తాను.